కచ్‌కి వెళ్తున్న మేనకోడలికి

బుజ్జమ్మా,

జురాసిక్ కాలపు రాతిపొరల మీద పనిచేయడానికి కచ్ వెళ్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

సుత్తి, లెన్సు సంగతి నీకు చెప్పక్కర్లేదు. తీసిన ప్రతి ముక్కకీ అక్కడికక్కడే నంబరు రాయి. నీళ్ళు నాలుగు లీటర్లకి తగ్గకూడదు.

మన ప్రాణహిత-గోదావరి లోయలోని కోటా రాళ్ళూ జురాసిక్‌వే. కానీ అవి మంచినీళ్ళలో పేరుకున్నవి, అమ్మోనైట్లు, అంటే చుట్ట తిరిగిన గుల్లలున్న ఆనాటి సముద్రజీవుల శిలాజాలు, దొరకవు. కచ్ అప్పట్లో సముద్రం. అమ్మోనైట్ జాతులు త్వరగా పుట్టి, దూరదూరాలకి పాకి, త్వరగానే అంతరించాయి. అందుకే వాటితో పొర వయసు పట్టుకోగలం. రైనెకియా అనే అమ్మోనైట్ అయితే ఆ పొర జురాసిక్‌లోని కలోవియన్ కాలానిది, మాయాయిటిస్ అయితే దాని తర్వాతి ఆక్స్‌ఫర్డియన్ కాలానిది.

అంతే కదా అనుకుని నేను బోల్తా పడ్డాను. నీ వయసులో, అక్కడే, ఒక గుట్ట వాలులో షేల్ మీద, అంటే పలచటి రేకులుగా విడిపోయే మట్టిరాయి మీద, అరచేయంత మాయాయిటిస్ దొరికింది. దాని అంచుకి గోధుమరంగు రాయి అంటుకుని ఉంది, అందులో ఆవగింజ కన్నా చిన్న గుండ్రటి పలుకులు. అందంగా కనబడాలని సాయంత్రం కూర్చుని అదంతా సూదితో గీకేశాను. షేల్ ఆక్స్‌ఫర్డియన్ అని రాసి మ్యాపులో రంగు వేసేశాను.

ఆ పలుకులు ధోసా ఊలైట్ అనే రాతివి. గుట్ట నెత్తిన ఉండే గట్టి పొర అది. కింద మెత్తటి షేల్ కోసుకుపోతుంటే పైబండలు విరిగి వాలు మీదికి దొర్లుతాయి. నా అమ్మోనైట్ అలా దిగొచ్చిందే. షేల్ దానికన్నా పాతది, కలోవియన్. మా గురువుగారు ఆ నున్నటి శిలాజాన్ని తిప్పితిప్పి చూసి, "దీనికి అంటుకున్న రాయేదీ?" అన్నారు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నా చేత్తోనే చెరిపేశాను. మరుసటి చలికాలం మళ్ళీ వెళ్ళి, ఆ గుట్టలన్నీ మొదటినుంచీ కొలుచుకొచ్చాను.

వాలు మీద దొరికినవి వేరే సంచిలో వెయ్యి. పొరలోంచి నువ్వు స్వయంగా తీసినదాన్నే నమ్ము. ధోసా పైపొరలో అదీ చాలదు, వేర్వేరు కాలాల అమ్మోనైట్లు అక్కడ కలిసిపోయి ఉంటాయి. నీకు తొందరెక్కువ. చిన్నప్పుడు మా పెరట్లో రాళ్ళేరి నా జేబుల నిండా పోసి, "ఇదెన్నేళ్ళది మామయ్యా?" అని జవాబొచ్చేదాకా చొక్కా వదిలేదానివి కాదు. ఆ రాళ్ళు ఇంకా ఉన్నాయి.

మధ్యాహ్నం ధోసా బండల కింద నీడ చల్లగా ఉంటుంది. అక్కడ మాత్రం కూర్చోకు తల్లీ. గొడుగేసుకుని ఎండలోనే అన్నం తిను. భుజ్‌లో దిగగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ మామయ్య