పాత ఎలిమినేటర్ అంత బరువు, కొత్త అడాప్టర్ ఇంత తేలిక.. ఎందుకట్ల?

ప్రశ్న: మా నాయిన రేడియోకి బ్యాటరీలకు బదులు వాడిన 6 వోల్టుల ఎలిమినేటర్ మస్తు బరువుంటది. ఇప్పటి వైఫై డబ్బా అడాప్టర్ దానికంటే ఎక్కువ కరెంట్ ఇస్తది గానీ బరువే లేదు. లోపల సామాను తగ్గించి అమ్ముతున్నరా? గిసుంటిదే 6 వోల్టులది కొని రేడియోకి పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: సామాను తగ్గించుడు కాదండి, కొత్తదాంట్లనే పార్టులు ఎక్కువుంటయ్. తగ్గింది ఇనుము, రాగి. మీ ఎలిమినేటర్ల పల్చటి ఇనుప రేకులు ఒకదానిమీదొకటి పేర్చి, సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది, ఇగ కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చే కొన్ని డయోడ్లు, కరెంటును నిలవుంచే ఒక కెపాసిటర్, అంతే.

మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక్కో దిక్కు 10 మిల్లీసెకన్లు తోస్తది, అంతసేపు ఆ ఇనుప రేకుల (కోర్) అయస్కాంత బలం పెరుక్కుంటనే పోతది, ఇనుము ఇగ పట్టలేని కాడికి వస్తే, దాన్నే సాచురేషన్ అంటరు, రాగి చుట్టలు (కాయిల్) గుంజే కరెంటు ఒక్కసారే పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతది. అట్ల కావొద్దంటే ఇనుము, చుట్లు రెండూ దండిగ పెట్టాలె, బరువంతా అక్కడిదే.

కొత్త అడాప్టర్ ముందుగాల 230 వోల్టుల ఏసీని (దిక్కు మారే కరెంటును) దాదాపు 325 వోల్టుల డీసీ (ఒక్క దిక్కే పోయే కరెంటు) చేసుకుంటది, దాన్ని మాస్‌ఫెట్ అనే స్విచ్ తెంపుకుంట కలుపుకుంట ఉంటది, చాలావాటిల సెకనుకు 65 వేల సార్ల దాక. ఒక్కోసారికి 15 మైక్రోసెకన్లే కాబట్టి అయస్కాంత బలం పెరిగే సందే ఉండదు, పసుపు టేపు చుట్టిన బొటనవేలంత ఫెరైట్ (ఇనుప ఆక్సైడ్‌తో చేసిన పింగాణీలాంటి పదార్థం) ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతది. అదే స్పీడుకు మామూలు ఇనుప రేకులు పెడితే కాగిపోతయ్. విమానాలల్ల కరెంటు 400 హెర్ట్జ్ పెట్టుకునేది కూడా బరువు తగ్గనీకే.

ఇంకో లాభం, దీనిమీద 100–240 వోల్టులు అని ఉంటది సూడుండ్రి, బాయికాడ మోటర్లన్నీ ఒక్కసారి నడిచి వోల్టేజ్ పడ్డా ఇది 12 వోల్టులు 12గనే ఇస్తది, పాతదైతే అదీ పడిపోతది.

రేడియోకి మాత్రం పాతదే ఉంచుకోండి అంట నేను. స్విచింగ్ వల్ల మీడియం వేవ్‌ల బరబర రావొచ్చు. కొత్తది పెట్టాల్సొస్తే వోల్టేజ్, పిన్ను ప్లస్ మైనస్ రెండూ కలవాలె. కొనేటప్పుడు బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు చూడండి, చౌకవాటిల ఫ్యూజు, ఫిల్టర్ ఎగ్గొట్టేవి నిజంగనే ఉన్నయ్. విప్పి చూద్దామనుకుంటే జాగ్రత్త, ప్లగ్గు పీకినంక కూడా లోపలి పెద్ద కెపాసిటర్ల ఆ 325 వోల్టులు కొంతసేపు నిలవుంటయ్.