పాత మినీతో సరిహద్దు దాటేముందు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే కారు గురించి: 1959 నుంచి 2000 దాకా తయారైన పాత మినీ. కాబట్టి శీర్షిక మొత్తం దానికే. ఇక్కడిచ్చిన కొలతలు కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత మోడళ్లవి.

ప్రశ్న: మాది 1971 నాటి 998 సీసీ మినీ. పది వారాల్లో బయల్దేరి నాలుగు దేశాల మీదుగా ఏడు వేల కిలోమీటర్లు వెళ్లాలనుకుంటున్నాం. ఇంజన్ విప్పించి కొత్తగా చేయించాలా?

జవాబు: ముందు కొలిచి చూడండి, విప్పే సంగతి తర్వాత. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ తీయించండి. వాటి మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఆయిల్ ప్రెషర్ నడకలో 60 పీఎస్ఐ దరిదాపుల్లో, ఐడ్లింగ్‌లో 15కి తగ్గకుండా ఉండాలి. ఈ రెండూ బాగుంటే ఇంజన్ జోలికి పోవద్దు. కొత్తగా కట్టిన ఇంజన్ కనీసం 1,500 కిలోమీటర్లు తిరిగి, హెడ్ నట్లు మళ్లీ బిగించి, టేపెట్లు (వాల్వుల సందు) మళ్లీ సరిచేశాకే నమ్మకంగా నడుస్తుంది. పది వారాల్లో విప్పడం, మెషినింగ్, కట్టడం, తిప్పడం అన్నీ కావాలంటే చివర్లో హడావిడి తప్పదు. ఆ హడావిడిలో చేసిన తప్పే దారి మధ్యలో బయటపడుతుంది.

మినీ దారిలో ఆగిందంటే కారణం చాలాసార్లు పిస్టన్లు కాదు, రబ్బరు. అన్నిటికంటే ముందు చూడాల్సింది వాటర్ పంపుకీ హెడ్‌కీ మధ్య ఉండే బొటనవేలంత బైపాస్ హోస్. అది పగిలితే కూలెంట్ మొత్తం నిమిషాల్లో పోతుంది. పంపు విప్పకుండా అసలు రకం హోస్ ఎక్కదు, పంపు విప్పాలంటే రేడియేటర్ అడ్డం. అందుకే రేడియేటర్ ఒకసారి దింపినప్పుడే పంపు, బైపాస్, పైహోస్, కిందిహోస్, హీటర్ హోస్‌లు, ఫ్యాన్ బెల్ట్ అన్నీ మార్చేయండి. మడతలున్న బైపాస్ హోస్‌ను నొక్కి, పంపు విప్పకుండానే దూర్చవచ్చు. కానీ దాని ఆయుష్షు తక్కువ. అది డిక్కీలో స్పేర్‌గా ఉండాల్సిన వస్తువు, ఇంజన్ మీద కాదు.

మినీ రేడియేటర్ పక్కకు ఉంటుంది. ఫ్యాన్ గాలిని ముందుచక్రం గూటిలోకి తోస్తుంది. చక్రం చిమ్మిన బురద ఆ వైపు రెక్కల్లో ఇరుక్కుని గట్టిపడుతుంది, బానెట్ ఎత్తి చూస్తే కనిపించదు. చక్రం తీసి ఆ వైపు నుంచి నీళ్లు కొట్టి కడగండి. ఎండ ప్రాంతాలకు వెళ్తున్నామని థర్మోస్టాట్ పీకేసేవాళ్లుంటారు. దాని బదులు బ్లాంకింగ్ స్లీవ్ పెట్టకపోతే నీళ్లు దగ్గరిదారి పట్టి, చివరి సిలిండర్ల దగ్గర హెడ్ ఎక్కువ వేడెక్కుతుంది. 82 డిగ్రీల థర్మోస్టాట్ ఉంచడమే మేలు. ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే హీటరు వాల్వు పూర్తిగా తెరిచి, హీటరు ఫ్యాన్ వేయండి. కాళ్లు కాలినా అది రెండో రేడియేటరులా పనిచేస్తుంది.

తర్వాత ఇంజన్ స్టెడీ బార్. ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే ఆ కడ్డీ బుష్‌లు అరిగితే క్లచ్ వదిలినప్పుడల్లా ఇంజన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపుకు సైలెన్సర్ పైపు మానిఫోల్డ్ దగ్గర వదులై, చివరికి విరుగుతుంది. పైపు విరిగిందని పైపు మాత్రమే మారిస్తే మళ్లీ విరుగుతుంది. బుష్‌లు కొనండి, ఖర్చు స్వల్పం.

ఇంజన్, గేర్‌బాక్సు ఒకే ఆయిల్‌తో నడిచే కారు ఇది. ఫిల్టరుతో కలిపి సుమారు 4.8 లీటర్ల 20డబ్ల్యూ-50 పడుతుంది. గేర్ల పళ్ల మధ్య నలిగి ఆయిల్ చిక్కదనం త్వరగా పోతుంది. అందుకని 5,000 కిలోమీటర్లకోసారి మార్చాలి. మీ ప్రయాణంలో ఒక మార్పు దారిలోనే వస్తుంది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి సన్నటి నల్లపొడి అంటడం మామూలే. ముక్కలు అంటితే గేర్‌బాక్సు విప్పే పని ముందుంది.

ఇగ్నిషన్ కొలతలు ఇవి. పాయింట్ల సందు 0.36 నుంచి 0.40 మి.మీ., ప్లగ్గు సందు 0.64 మి.మీ., టేపెట్లు చల్లగా ఉన్నప్పుడు 0.30 మి.మీ., ఫైరింగ్ క్రమం 1-3-4-2. రోటర్ ఆర్మ్ కొనేటప్పుడు ఇత్తడి రేకును రివెట్‌తో బిగించినది వద్దు. ఆ రివెట్ గుండా కరెంటు కింది షాఫ్ట్‌కు దూకి ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఎంత వెతికినా కారణం దొరకదు. డిస్ట్రిబ్యూటర్ గ్రిల్ వెనకాలే ఉంటుంది కాబట్టి ముందు లారీ చిమ్మిన నీళ్లన్నీ దానికే. రబ్బరు తొడుగు వేసి, ప్లగ్గులకు కరెంటు తెచ్చే హెచ్‌టీ తీగలు బయటికొచ్చే చోట్ల బిగుతుగా ఉందో లేదో చూడండి.

ఈ పనులన్నీ బయల్దేరడానికి నాలుగు వారాల ముందే ముగించి, మోసుకెళ్లే సామానంతా వేసుకుని వెయ్యి కిలోమీటర్లు తిరగండి. కొత్త వస్తువు చెడిపోయేదుంటే చాలావరకు ఆ వెయ్యిలోనే చెడిపోతుంది. ఆ తర్వాత కొత్తగా ఏమీ బిగించకండి.

ప్రశ్న: ఇప్పుడు ఎక్కడ చూసినా సీసం లేని, ఇథనాల్ కలిపిన పెట్రోలే. పాత ఇంజన్‌కు ప్రమాదమా?

జవాబు: రెండూ వేర్వేరు సమస్యలు. సీసం లేకపోతే, గట్టి వాల్వ్ సీట్లు వేయించని పాత హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వులు సీట్లను తింటూ లోపలికి దిగుతాయి. ఊళ్లో తిరిగితే ఇది నెమ్మదిగా జరుగుతుంది, హైవే మీద గంటల తరబడి తొక్కితే వేగంగా. గంటకు 80, 90 కిలోమీటర్లు దాటకుండా నడిపి, వాల్వులను కాపాడే అడిటివ్‌ను సీసా మీద రాసిన మోతాదులో ప్రతి ట్యాంకుకూ కలపండి. 2,000 కిలోమీటర్లకోసారి ఎగ్జాస్ట్ టేపెట్లు కొలవండి. సందు తగ్గుతూ పోతుంటే సీటు అరుగుతోందన్నమాట.

ఇథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరిచి లోపలి నుంచి ఊడగొడుతుంది. ఆ నలకలు ఫ్లోట్ చాంబర్ సూదిలో ఇరుక్కుంటే పెట్రోలు పొంగి ఎగ్జాస్ట్ మీద పడుతుంది, నిప్పంటుకోవడానికి అదే దారి. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా అన్ని మెత్తటి పైపులనూ ఆర్9 అని ముద్ర ఉన్న వాటితో మార్చండి. ఈ5 (ఐదు శాతం ఇథనాల్ దాకా) దొరికే చోట ఈ10 (పది శాతం దాకా) పోయించవద్దు.

చాలా పాత సెలూన్లలో ట్యాంకు 25 లీటర్లే. లీటరుకు 14 కిలోమీటర్లు వచ్చినా 350తో సరి, కాబట్టి 250 దగ్గరే బంకు వెతకండి. కూపర్ ఎస్‌కు వచ్చిన కుడివైపు రెండో ట్యాంకు దొరికితే అదే మంచి మార్గం. నిండిన డబ్బాలను చాలా ఫెర్రీలు ఎక్కనివ్వవు.

ప్రశ్న: ఆల్ప్స్ కనుమలు దాటాలి. చిన్న ఇంజన్ లాగుతుందా?

జవాబు: లాగుతుంది, నెమ్మదిగా. ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు పది శాతం బలం తగ్గుతుంది. 2,757 మీటర్ల స్టెల్వియో మీద మీ ఇంజన్ మూడొంతుల బలంతోనే ఉంటుంది. గాలి పలచబడి మిశ్రమం చిక్కనవుతుంది. ఎస్‌యూ కార్బురేటర్ పిస్టన్‌ను పక్కనున్న పిన్‌తో ఒక మిల్లీమీటరు ఎత్తి చూడండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే నిలిస్తే చిక్కన, ఆగిపోబోతే పలచన, కాస్త పెరిగి సర్దుకుంటే సరైనది. చిక్కన అయితే అడుగునున్న జెట్ నట్టును ఒక ముఖం, అంటే ఆరో వంతు చుట్టు, పైకి తిప్పండి. కనుమ మీద రెండు మూడు రోజులు ఉండేటట్టయితేనే ఈ పని. ఒక్కపూటలో ఎక్కి దిగేవాళ్లు ముట్టుకోకపోవడమే మంచిది. మరిచిపోయి పలచని మిశ్రమంతో మైదానంలో పరుగెత్తిస్తే వాల్వులు కాలతాయి.

ఎక్కడం కన్నా దిగడమే అసలు పరీక్ష. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినది 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి నిండి పెడల్ నేలకు అంటుతుంది. ప్రయాణానికి ముందు ఆయిల్ మొత్తం మార్చి, డ్రమ్ములను సరిచేయండి. అడ్జస్టర్‌ను చక్రం పట్టేసేదాకా తిప్పి, స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి వదలాలి. వెనక డ్రముకు ఒక అడ్జస్టర్, ముందు డ్రముకు రెండు. ఎక్కడానికి ఏ గేరు వాడతారో దిగడానికీ అదే.

ప్రశ్న: ఇద్దరు మనుషులు, సామాను, పైన క్యారియర్. వెనక భాగం కుంగిపోయినట్టుంది.

జవాబు: మినీలో స్ప్రింగులకు బదులు రబ్బరు కోన్లుంటాయి. దశాబ్దాల బరువుకు అవి అణిగిపోతాయి. కోన్లు మార్చే ముందు వెనకచక్రాలను మోసే ఇనుప చట్రాన్ని, అంటే వెనక సబ్‌ఫ్రేమ్‌ను స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. లోపలికి దిగితే తుప్పు. ఆ సబ్‌ఫ్రేమ్‌తో ఇంటి వీధి దాటినా తప్పే. వెనకచక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి. చప్పుడొస్తే హబ్ బేరింగో, రేడియస్ ఆర్మ్ బేరింగో పోయింది. రేడియస్ ఆర్మ్‌కు గ్రీజు అందకపోవడం సర్వసాధారణం. నిపుల్ మూసుకుపోయి ఉంటుంది, గన్ను కొట్టామనుకుంటాం.

145 ఆర్10 టైర్లకు ముందు 28, వెనక 26 పీఎస్ఐ. నిండు బరువుకు వెనక కూడా 28. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గీతలెంత లోతుగా ఉన్నా మార్చండి. పది అంగుళాల టైరు దారిలో దొరకడం కష్టం, స్టెప్నీ కాక ఇంకో టైరు వెంట ఉండాలి. క్యారియర్ మీద ఆ టైరు, పరుపు లాంటి తేలిక వస్తువులే పెట్టండి. పనిముట్లు సీటు వెనక నేల మీద.

ప్రశ్న: కార్నే (సుంకం కట్టకుండా కారును తాత్కాలికంగా వేరే దేశాల్లోకి తీసుకెళ్లడానికి ఇచ్చే కస్టమ్స్ పుస్తకం) తీసుకుంటున్నాం. కారు ఇంజన్ ఎప్పుడో మారింది. ఇబ్బందా?

జవాబు: అవును, ఇప్పుడే సరిచేసుకోవాలి. కార్నేలో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ రాస్తారు. కస్టమ్స్ అధికారి కారు మీద చూసినది పుస్తకంతో కలవకపోతే సరిహద్దులోనే ఆగిపోతారు. ముందు రిజిస్ట్రేషన్‌లో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించి, ఆ తర్వాతే కార్నేకు దరఖాస్తు చేయండి. దాని గడువు ఏడాది. ప్రతి దేశంలోనూ ప్రవేశముద్రతో పాటు నిష్క్రమణముద్ర పడిందో లేదో గేటు దాటకముందే చూసుకోండి. అది లేకపోతే కారును అక్కడే అమ్మేసినట్టు లెక్క, మీరు కట్టిన గ్యారంటీ నుంచి సుంకం వసూలు చేస్తారు.

ప్రశ్న: రోడ్డుకు మరోవైపు నడిపే దేశంలో హెడ్‌లైట్లు మార్చాలా?

జవాబు: మార్చనక్కర్లేదు. డిమ్ వేసి ఐదు మీటర్ల దూరంలో గోడ మీద చూడండి. కాంతి ఒక పక్కకు పైకి లేస్తుంది. అద్దం మీద ఏ భాగం మూస్తే ఆ లేచిన ముక్క పోతుందో చూసి నల్లటేపు అంటించండి.

ప్రశ్న: స్పేర్ సామాన్లు ఎన్ని మోయాలి?

జవాబు: చిన్నది, చవకైనది, లేకపోతే కారు కదలనిది అయితే తీసుకెళ్లండి. పాయింట్లు, కండెన్సర్, రోటర్, క్యాప్, ఒక పొడవాటి హెచ్‌టీ తీగ, ఫ్యాన్ బెల్ట్, ఆ మడతల బైపాస్ హోస్, క్లచ్ స్లేవ్ సిలిండర్ రబ్బర్లు, యాక్సిలరేటర్ తీగ, పెట్రోలు పంపు, సీవీ జాయింట్ బూటు, అర లీటరు బ్రేక్ ఆయిల్, రెండు లీటర్ల ఇంజన్ ఆయిల్. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకున్నా పాయింట్ల సెట్టు వెంట ఉండాల్సిందే, ఆ డబ్బా పోతే రోడ్డు పక్కన బాగుచేసేదేమీ ఉండదు. డైనమో, స్టార్టరు మోయకండి. వాటి బ్రష్‌లు చాలు.