షాపువాళ్లతో కొత్త ల్యాప్‌టాప్ ‘సెట్టింగ్’ చేయించుకోవాలా? పరకాల నుంచి అడిగిన ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది ఇది: అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది, హనుమకొండలో ల్యాప్‌టాప్ చూసుకున్నారు, 1,500 రూపాయలిస్తే ‘సెట్టింగ్’ అంతా చేసి చేతికిస్తామని షాపువాళ్లు అంటున్నారు. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లు లేరు, ఇవ్వాలా వద్దా అని.

ఇవ్వకండి. డబ్బు దండుగ అని కాదు, ఆ పని మీ అమ్మాయి చేతుల మీదుగానే జరగాలి కాబట్టి.

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తాను. కళాశాలలు తెరిచిన కొత్తలో ల్యాప్‌టాప్ పట్టుకుని మా గుమ్మం దగ్గర నిలబడే పిల్లలు చాలామంది. వాళ్లు తెచ్చే సమస్యల్లో యంత్రం చెడిపోయినవి అరుదు. మొదటిసారి తెరిచినప్పుడు మరెవరో తమ ఖాతాతో తెరిచి ఇచ్చినందువల్ల వచ్చినవే ఎక్కువ.

విండోస్ 11 ల్యాప్‌టాప్‌ను మొదటిసారి ఆన్ చేయగానే దేశం ఏది, కీబోర్డు ఏది అని అడిగి ఇంటర్నెట్‌కు కలపమంటుంది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలంటుంది. ఇళ్లలో వాడే హోమ్ రకం విండోస్‌లో ఈ మెట్టును దాటేసే దారులను ఆ కంపెనీ ఒక్కొక్కటిగా మూసేస్తూ వస్తోంది. కౌంటరు దగ్గర రద్దీగా ఉంటుంది, మీకు బస్సు వేళ అవుతుంటుంది. షాపు కుర్రాడు ఈమెయిల్ చెప్పమంటాడు, మీరు తడుముకుంటారు, అతను తనదో షాపుదో ఒకటి కొట్టి ముందుకు పోతాడు. అందులో మోసం ఏమీ లేదు, పని త్వరగా తెమలాలని అంతే. కానీ బిల్లు మీ పేరున, యంత్రం అతని పేరున అయిపోతుంది.

దీనివల్ల వచ్చే అసలు ఇబ్బంది డిస్కు తాళం దగ్గర. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లగానే డిస్కులో ఉన్నదంతా ఇతరులు చదవలేని సంకేత రూపంలోకి మారిపోతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 ‘24హెచ్2’ కూర్పు నుంచి ఇది మరిన్ని యంత్రాల్లో అడగకుండానే మొదలవుతోంది. మంచి ఏర్పాటే. కాజీపేటలో రైలెక్కే తోపులాటలో బ్యాగు పోయిందనుకోండి, దొరికినవాడికి ల్యాప్‌టాప్ దక్కుతుందేమో గాని అందులోని ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు దక్కవు. అయితే ఈ తాళానికి ఒక మారు చెవి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ. మామూలుగా అది మొదట తెరిచిన ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది. బయాస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాము) అప్‌డేట్ అయినప్పుడో, సర్వీస్ సెంటరులో మదర్‌బోర్డు మార్చినప్పుడో ల్యాప్‌టాప్‌కు అనుమానం వచ్చి, నీలిరంగు తెర చూపించి ఆ 48 అంకెలూ అడుగుతుంది.

జనగామ వైపు నుంచి వచ్చి చదువుకునే ఒక అమ్మాయికి సరిగ్గా సెమిస్టర్ పరీక్షల ముందు ఆ తెర వచ్చింది. తన ఖాతాలో వెతికితే కీ లేదు. ఉండదు కూడా, ల్యాప్‌టాప్ తెరిచింది కొన్న షాపులోని కుర్రాడి ఈమెయిల్‌తో. అతను అక్కడ పని మానేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు, పాత నంబరు పనిచేయడం లేదు. యజమానికి ఫోన్ చేస్తే ‘మాకేం సంబంధం అమ్మా, వారంటీ కంపెనీది’ అన్నాడు. ఈ కీ లేకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లే వచ్చినా ఆ డిస్కు తెరుచుకోదు. చివరికి మొత్తం చెరిపేసి విండోస్ మళ్లీ వేశాం. రికార్డులు, ప్రాజెక్టు, ఇంటి ఫొటోలు అన్నీ పోయాయి. పైగా యంత్రంతో పాటు వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ వంటివి) కూడా ఆ కుర్రాడి ఖాతాకే ముడిపడి ఉంది, వర్డ్ తెరిస్తే డబ్బు కట్టమంటోంది.

కాబట్టి షాపులో సీలు విప్పించి చూడండి, ఆన్ అవుతుందో లేదో చూడండి, తెర మీద గీతలూ మచ్చలూ లేవని చూసుకోండి. డబ్బా మీద, ల్యాప్‌టాప్ అడుగున, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు ఒక్కటే ఉండాలి. బిల్లులో రాయకపోతే అక్కడే అడిగి రాయించుకోండి, రేపు వారంటీకి అదే ఆధారం. దేశం అడిగే తెర వచ్చాక పవర్ బటన్ నొక్కి ఆపేసి ఇంటికి తెచ్చుకోండి. మిగిలింది మీ ఇంట్లో, మీ బల్ల మీద జరుగుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తక్కువ ధరకు వస్తోందని చూపించే కొన్ని మోడళ్లలో అసలు విండోసే ఉండదు. డబ్బా మీద ‘డాస్’ అనో ‘లినక్స్’ అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. షాపువాళ్లు పెన్‌డ్రైవ్‌తో దొంగ విండోస్ వేసి ఇస్తారు, 1,500 అడిగేది చాలాసార్లు ఇందుకే. అది ఇంటికి వచ్చాక కూడా తెలుసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ చూడండి. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివ్ అని ఉంటే సరే. ‘మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే, మీది సంస్థ కాదు కదా, అది దొంగదే. ఆ దొంగ పని చేసే సాఫ్ట్‌వేర్‌ను నడిపించడానికి ముందు యాంటీవైరస్ ఆపేస్తారు, ఆ సందులో ఇంకేం దూరిందో ఎవరికీ తెలియదు. కొనేముందే ‘విండోస్ కంపెనీ నుంచి వచ్చిందా’ అని సూటిగా అడగండి. జవాబు నసిగితే మోడల్ మార్చండి.

ఖాతా మీ అమ్మాయి పేరుతోనే తెరవండి, మీ పేరుతో కాదు. నాలుగేళ్లు వాడేది ఆమె. రికవరీ కోసం ఫోన్ నంబరు అడిగినప్పుడు ఆమెదొక్కటే కాకుండా మీది కూడా జత చేయండి. పిల్లలు హాస్టల్‌లో చేరాక ఆఫర్ వచ్చిందని సిమ్ మార్చేస్తారు, పాత నంబరుకు వెళ్లే ఓటీపీ ఎవరికీ అందదు. తర్వాత పిన్ పెట్టమంటుంది, పెట్టుకోవచ్చు. అది ఆ ల్యాప్‌టాప్ వరకే పనిచేస్తుంది, పాస్‌వర్డ్‌కు బదులు కాదు. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బిల్లుతో పాటు పెట్టండి. కాగితం మీద రాయకూడదనే వాళ్లున్నారు, వాళ్లు ఆఫీసుల గురించి చెబుతున్నారు. మీ బీరువాలోని కాగితం కంటే ‘గుర్తుంటుందిలే’ అనుకోవడమే ఎక్కువ ప్రమాదం.

ల్యాప్‌టాప్ తెరుచుకున్నాక, మీ ఫోన్‌లో అదే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి పరికరాల జాబితాలో ఈ ల్యాప్‌టాప్ కనిపిస్తోందా, దాని కింద బిట్‌లాకర్ (పైన చెప్పిన డిస్కు తాళం పేరు) రికవరీ కీ ఉందా చూడండి. ఉంటే ఆ అంకెలు కూడా రాసిపెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా కొంపలేమీ మునగవు.

ఆఫీస్ సంగతి: బిల్లులోనో డబ్బా మీదో ‘ఆఫీస్ హోమ్’ అని ఏదో ఒక సంవత్సరంతో ఉంటే అది ఒకసారి కొన్నది, ఆ యంత్రంలో ఎప్పటికీ ఉంటుంది. ‘365’ అని ఉంటే గడువు తీరాక డబ్బు కట్టాలి. మొదటిదైతే వాయిదా వేయకుండా మొదటి వారంలోనే వర్డ్ తెరిచి అమ్మాయి ఖాతాతో యాక్టివేట్ చేయించండి. ఏదీ లేకపోయినా దిగులు పడకండి, లిబ్రే ఆఫీస్ ఉచితం, మొదటి సంవత్సరం అసైన్‌మెంట్లకు చాలు.

ఇక మనవైపు అందరికీ తగిలే దెబ్బ డేటా. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ లేకుండా ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపేవాళ్లయితే, కొత్త ల్యాప్‌టాప్ మొదటి రోజే అప్‌డేట్లంటూ జీబీలకు జీబీలు లాగేసి మీ రోజువారీ కోటా ఖాళీ చేస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలోకి వెళ్లి, మీ హాట్‌స్పాట్ పేరు కింద ‘మీటర్డ్ కనెక్షన్’ అన్నది ఆన్ చేయండి. పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. అలాగని అసలే చేయకుండా ఉండకండి. ఫైబర్ ఉన్న బంధువుల ఇంట్లోనో కళాశాల వైఫైలోనో ఒకరోజు కూర్చుని విండోస్ అప్‌డేట్ నొక్కి, రీస్టార్ట్ చేసి, మళ్లీ నొక్కి, ఇక ఏమీ లేవనే దాకా చేయండి. ఆ సమయంలో చార్జరు పెట్టే ఉంచండి. కరెంటు పోయినా బ్యాటరీ కాపాడుతుంది గాని, బయాస్ అప్‌డేట్ మధ్యలో మాత్రం యంత్రాన్ని ఆపకూడదు.

మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్‌లో ఇచ్చే నిల్వ చోటు వన్‌డ్రైవ్, దాని గురించి ఎవరూ చెప్పరు. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్లలో ఉన్నవాటిని అది తనంతట తానే ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఫొటోలు పడితే నాలుగు రోజుల్లో నిండిపోయి, స్థలం లేదు, కొనండి అని సతాయిస్తుంది. అప్పుడు పిల్లలు ‘ఇంటర్నెట్‌లో ఉన్న నకలే కదా’ అని అక్కడ చెరిపేస్తారు, ల్యాప్‌టాప్‌లోనూ మాయమవుతుంది. అవి రెండూ వేర్వేరు నకళ్లు కావు, ఒకటే ఫైలు రెండు చోట్ల కనిపిస్తోంది. వన్‌డ్రైవ్ గుర్తు మీద నొక్కి సెట్టింగ్స్‌లో ఫోల్డర్ల బ్యాకప్ ఆపేసి, ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం తేలిక.

యాంటీవైరస్ కొనాల్సిన పని లేదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. కంపెనీ వాళ్లు వేసి పంపే ట్రయల్ యాంటీవైరస్‌ను తీసేస్తే డిఫెండర్ తనంతట తానే లేస్తుంది.

512 జీబీ అని కొంటే 476 చూపిస్తోందని షాపుకు వెళ్లి గొడవ పడినవాళ్లు నాకు తెలుసు. కంపెనీలు వెయ్యితో లెక్కిస్తాయి, విండోస్ 1024తో లెక్కిస్తుంది, తేడా అంతే. రికవరీ కోసం దాచిన భాగం వల్ల ఇంకొంచెం తగ్గవచ్చు. సీ, డీ, ఈ అని డ్రైవులుగా విడగొట్టమని కూడా అడగకండి. పాత హార్డ్‌డిస్కుల రోజుల్లో పట్టుకున్న అలవాటది. చివరికి సీ నిండిపోయి డీ ఖాళీగా ఉందని మా దగ్గరికే వస్తారు.

సాఫ్ట్‌వేర్లు ముందే వేయించకండి. కొన్ని కళాశాలల్లో ఇప్పటికీ నీలి తెర టర్బో సీతోనే సీ భాష నేర్పిస్తారు, కొన్నిచోట్ల కోడ్‌బ్లాక్స్, మరికొన్నిచోట్ల మొదటి నుంచే పైథాన్. ల్యాబ్ మొదలయ్యాక వాళ్లు చెప్పింది వేసుకోవాలి. వేయబోతే ‘స్టోర్ నుంచే తెచ్చుకోవాలి’ అని అడ్డం పడితే అది ఎస్ మోడ్, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్‌లనే ఒప్పుకునే విండోస్. దాన్నుంచి బయటికి రావడం ఉచితం, ఒకసారి వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లలేరు, వెళ్లాల్సిన అవసరమూ రాదు.

చార్జింగ్ విషయంలో, మొదట ఎనిమిది గంటలు పెట్టాలని షాపులో చెబుతారు. వెనకటి రకం బ్యాటరీల నాటి మాట అది, లిథియం అయాన్ బ్యాటరీకి అక్కర్లేదు. దీనికి పడనివి రెండు: వేడి, ఎప్పుడూ 100 శాతం మీద ఉండటం. మే నెలలో రామగుండం, వరంగల్ ఎండలు తెలిసిందే కదా, పార్క్ చేసిన కారులో వదిలేయకండి, పరుపు మీద పెట్టి వాడనివ్వకండి. లెనోవోలో వాంటేజ్, ఆసుస్‌లో మైఆసుస్ వంటి యాప్‌లలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే వీలుంటుంది, హాస్టల్‌లో రోజంతా ప్లగ్గు పెట్టి ఉంచేవాళ్లకు అది ఆన్ చేయడం మేలు.

లోహపు శరీరం ఉన్న ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉండగా చేతికి చిమచిమలాడితే యంత్రం పాడైందని కంగారు పడకండి. పాత ఇళ్లలో, హాస్టళ్లలో ఎర్తింగ్ ఉండదు, చార్జరు నుంచి వచ్చే అతి స్వల్ప విద్యుత్తుకు భూమిలోకి దారి దొరక్క అలా అవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టకుండా, ఎర్త్ ఉన్న సాకెట్టులో పెడితే పోతుంది. అప్పటికీ పోకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి.

తెలుగులో టైపు చేయగలదా అని కూడా అడిగారు. చేయగలదు, ఏమీ కొనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో భాషల విభాగంలో తెలుగు చేర్చి, కీబోర్డుగా తెలుగు ఫొనెటిక్ ఎంచుకోండి. ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొడితే తెలుగు పదం వస్తుంది. విండోస్ మీటా, స్పేస్ మీటా కలిపి నొక్కితే భాష మారుతుంది. నేర్చుకునే ఓపిక ఉంటే ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకే మీటలు కేటాయించిన కీబోర్డు) ఇంకా వేగం. షాపువాళ్లు ‘అను ఫాంట్లు వేస్తాం’ అంటే మాత్రం వద్దనండి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ దుకాణాలకు అవి పనికొస్తాయి. అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతివి కావు కాబట్టి, వాటితో కొట్టింది మెయిల్‌లోకో వాట్సాప్‌లోకో తెస్తే పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. మంచి అక్షరాలు కావాలంటే మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అన్నీ యూనికోడ్‌వే.