టకోమా వెనక కూర్చుండిపోతోంది, 3 అంగుళాల లిఫ్ట్ వేయించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది 2019 టయోటా టకోమా పికప్, డబుల్ క్యాబ్, ఫోర్ బై ఫోర్. ముందు స్టీల్ బంపర్, వించ్ బిగించారు. వెనక బెడ్ మీద ఫైబర్‌గ్లాస్ టాపర్ (బెడ్ మూత), దాని పైన రూఫ్‌టాప్ టెంట్. ఇప్పుడు ముక్కు కాస్త దిగింది, వెనక భాగం బాగా కూర్చుంది. బండిని 3 అంగుళాలు ఎత్తే లిఫ్ట్ కిట్ ఏది మంచిది, లేకపోతే చవకలో స్పేసర్లతో సరిపెట్టుకోవచ్చా అని అడిగారు.

నేను డల్లాస్ దగ్గర ఉంటాను. నాదీ ఇదే తరం బండి, 2017 మోడల్, సరంజామా కూడా ఇంచుమించు ఇదే. రెండుసార్లు డబ్బు తగలేశాక మూడోసారికి కుదిరింది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అంగుళాల సంగతి తర్వాత చూద్దాం, ముందు పౌండ్లు తేలాలి. మా నాన్న చాలా ఏళ్లు గుంటూరు మిర్చి యార్డుకు లారీ తోలారు. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎక్కించాక కాటా వేయించకుండా బండి కదిపేవారు కాదు. నేను ఇక్కడ మొదటిసారి లిఫ్ట్ వేయించి గొప్పగా ఫోటో పంపిస్తే ఆయన అడిగిన మొదటి మాట, "కాటా ఎంతొచ్చింది రా?" అని. కాటా ఏంటి నాన్నా, ఇది కారు లాంటిది అన్నాను. ఆ మాటకు తర్వాత సిగ్గుపడ్డాను.

ఆ మొదటి లిఫ్ట్ స్పేసర్లే. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసిన భాగం) పైన ఒక దిమ్మ, వెనక ఇరుసుకీ కమాన్ కట్టకీ (పట్టీలు పేర్చిన స్ప్రింగు) మధ్య ఒక దిమ్మ, అంతే. మొత్తం 300 డాలర్ల లోపు అయిపోయింది. ఖాళీగా ఉన్నప్పుడు చూడటానికి భలే ఉండేది. అయితే స్పేసర్ వేస్తే స్ప్రింగు మారదు. పాత స్ప్రింగు ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా ఉంటుంది. ఉదాహరణకు వెనక రెండు కట్టలూ కలిపి అంగుళానికి 300 పౌండ్ల లెక్కన కుంగుతాయనుకోండి. 450 పౌండ్లు పెడితే అంగుళంన్నర దిగుతుంది. దిమ్మ ఉన్నా అంతే, లేకున్నా అంతే. దిగడం ఒక అంగుళం పైనుంచి మొదలవుతుంది, అదొక్కటే తేడా.

ఆ బండితోనే బిగ్ బెండ్ వెళ్లాం. ఆల్పైన్ నుంచి టెర్లింగ్వా వైపు 118 రోడ్డులో ఎత్తుపల్లాలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. నలుగురం, నీళ్లు, ఫ్రిజ్, టెంట్. ప్రతి పల్లంలోనూ వెనక ఇరుసు పైకి వెళ్లి, దాన్ని ఆపే రబ్బరు దిమ్మ బంప్ స్టాప్‌కు ధడేల్మని కొట్టుకునేది. వెనక కూర్చుని ముందు లేవడంతో స్టీరింగ్ తేలిపోయినట్టుండేది, రాత్రి హెడ్‌లైట్లు రోడ్డు వదిలేసి చెట్ల కొమ్మలు చూపించేవి. ఎదురొచ్చేవాళ్లు తిట్టుకుంటూ లైట్లు కొట్టేవాళ్లు.

తిరిగొచ్చాక ఒక షాపులో చూపిస్తే, లోడు ఉంది కాబట్టి హెవీ కట్టలు వేసేద్దాం, గట్టిదే ఎప్పటికీ మంచిది అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. నిత్యం 600 పౌండ్ల పైగా బరువుండే బండికి చేసిన కట్టలవి. ట్రిప్పుకు వెళ్లినప్పుడు నిజంగానే బాగుండేది. కానీ ఏడాదిలో మేం వెళ్లేది ఆరేడు ట్రిప్పులు. మిగతా రోజులన్నీ ఆఫీసు, కాస్ట్‌కో, పిల్లాడి స్కూలు. కాంక్రీటు హైవే మీద అతుకు వచ్చినప్పుడల్లా వెనక భాగం ఎగిరిపడేది. మా ఆవిడ నాలుగు రోజులు చూసి, "ఎడ్లబండి కొనుంటే గడ్డి ఖర్చుతో పోయేది" అంది. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, వాన పడ్డ రోడ్డు మీద మలుపులో గతుకు తగిలి వెనక చక్రాలు పక్కకు జారినప్పుడు నవ్వు రాలేదు. తన మీద ఉండాల్సిన బరువు లేకపోతే గట్టి స్ప్రింగు నేలను సరిగ్గా పట్టుకోదు.

అప్పుడు వెళ్లాను కాటాకు. హైవే పక్క పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని పసుప్పచ్చ, నలుపు బోర్డు ఉంటుంది. పదిహేను డాలర్లు అటూఇటూ అవుతుంది. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద ఉండేలా ఆపితే ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో విడివిడిగా చీటీ ఇస్తారు. రెండుసార్లు తూయించండి. ఒకటి రోజూ తిరిగే స్థితిలో, ఇంకోటి ట్రిప్పుకు బయల్దేరే స్థితిలో, మనుషులు కూడా కూర్చుని. రెండుసార్లూ ట్యాంకు నిండుగా ఉండాలి.

ట్రిప్పు చీటీలో నాది 5,780 పౌండ్లు వచ్చింది. డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే లేబుల్ మీద నా బండికి గరిష్ఠ మొత్తం బరువు 5,600. అంటే ఏ లిఫ్ట్ వేసినా, ఏ కట్ట వేసినా నేను 180 పౌండ్లు ఎక్కువ మోస్తున్నాను. ఈ మాట కిట్లు అమ్మేవాళ్లు ఒక్కరూ చెప్పలేదు. స్ప్రింగులు మారిస్తే బండి సమంగా నిలబడుతుంది. ఆ లేబుల్ మీద అంకె మాత్రం మారదు. ఫ్రేము, ఇరుసు, బేరింగులు, బ్రేకులు అన్నీ కలిపి లెక్కేసిన అంకె అది. మన తరం టకోమాకు వెనక ఇంకా డ్రమ్ము బ్రేకులే. ఇది చెప్పినప్పుడు నాన్న అన్న మాట: "పట్టీ ఎక్కిస్తే బండి లేస్తుంది. బ్రేకును ఎవడు లేపుతాడు?"

పక్కనే ఇంకో పసుపు అంచు స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని. మీరు తర్వాత బిగించిన బంపరూ టాపరూ టెంటూ అన్నీ ఆ అంకెలోంచే పోతాయి. ఇవన్నీ తీసేశాక మనుషులకు మిగిలేది చూస్తే మీకూ టెన్షన్ రావచ్చు.

నేను ఏం చేశానంటే, ఇరవై గ్యాలన్ల నీళ్లు మోసేవాణ్ని, ఎనిమిదికి తగ్గించాను. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, అక్కడే వంద పోయింది. స్టీల్ బంపర్ అమ్మేసి అల్యూమినియంది పెట్టాను, డెబ్భై తగ్గింది. నేనే ముచ్చటపడి చేసుకున్న ప్లైవుడ్ సొరుగులు తీసేశాను, ఇంకో యాభై. మళ్లీ తూయిస్తే 5,560. బంపర్ విషయంలో ఒక మెలిక ఉంది. అది ముందు ఇరుసుకు ఇంకా ముందు వేలాడుతుంది. ఈ బండికి రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 127 అంగుళాలు. ముందు ఇరుసుకు 35 అంగుళాల ముందు 100 పౌండ్లు తగిలిస్తే ముందు ఇరుసు మీద పడేది దాదాపు 127 పౌండ్లు, వెనక నుంచి 27 లేస్తాయి. బరువుల్ని బంపర్ నుంచి బంపర్ వరకు కూడి సగం సగం పంచేస్తే లెక్క తప్పుతుంది. అందుకే చీటీ చూడమంటున్నాను.

ఇక స్ప్రింగుల ఎంపిక. సరంజామాను రెండు కుప్పలు చేయండి. ఎప్పటికీ బండి మీదే ఉండేవి ఒకటి, వచ్చి పోయేవి ఒకటి. స్ప్రింగు కొనాల్సింది మొదటి కుప్పకు మాత్రమే. నాకు వెనక ఎప్పుడూ ఉండేవి టాపర్ 180, టెంట్ 150, ఫ్రిజ్ కలిపి ఇంకో 60. మొత్తం 390. కాబట్టి నిత్యం 400 పౌండ్ల దగ్గర బరువుకు చేసిన మీడియం కట్టలు తీసుకున్నాను. ముందు కాయిల్ స్ప్రింగు కూడా అంతే, బంపర్, వించ్ బరువు చెప్పి దానికి తగ్గది అడిగాను. ఆస్ట్రేలియా వాళ్ల ఏఆర్‌బీ కంపెనీ ఓల్డ్ మ్యాన్ ఈము పేరుతో అమ్మేవి ఇలా లైట్, మీడియం, హెవీ అని బరువును బట్టే ఉంటాయి. డాబిన్సన్స్ కూడా అక్కడి వాళ్లే, వాళ్లదీ ఇదే పద్ధతి. అంగుళాలు మాత్రమే చెప్పి బరువు ఊసెత్తని కిట్‌ను నేనైతే ముట్టుకోను. టెంటును సీజన్ అయ్యాక దించి గ్యారేజీలో పెట్టే అలవాటు మీకుంటే అది రెండో కుప్పలోకి పోతుంది, మీ జవాబు మారిపోతుంది.

రెండో కుప్పకు ఇరుసుకీ ఫ్రేముకీ మధ్య గాలి నింపే ఎయిర్‌బ్యాగులు పెట్టుకున్నాను. వినాయక చవితికి మా కమ్యూనిటీ విగ్రహం నా బండిలోనే వస్తుంది, ఆ రోజు, ట్రిప్పు రోజుల్లో గాలి కొడతాను, మిగతా రోజుల్లో కనీస గాలే. కానీ కూర్చుండిపోయిన కట్టలకు మందుగా ఎయిర్‌బ్యాగులు వాడొద్దు. కమాన్ కట్ట బరువును ఫ్రేముకు రెండు చివర్ల దగ్గర అందిస్తుంది. బ్యాగు మధ్యలో ఒక్కచోట పొడుస్తుంది. ఇరుసుకు బాగా వెనక బరువు పెట్టి, బ్యాగు బిగుతుగా కొట్టి, గతుకుల్లో తోలితే ఫ్రేము అక్కడే వంగే ప్రమాదం ఉంది.

పాత కట్టకే ఇంకో పట్టీ చేర్చేయొచ్చు కదా అని మీరు కింద రాశారు. చవకే, ఊళ్లో అందరూ చేసేదీ అదే. కొత్త కట్ట అయితే పర్వాలేదు. మీది ఇన్నేళ్లు లోడు మోసి అలిసిన కట్ట, దాని మీద నేను డబ్బు పెట్టను.

షాకులు (స్ప్రింగు ఊపును అణిచేవి) స్ప్రింగులతో పాటే మార్చండి. గట్టి స్ప్రింగు తిరిగి లేచే జోరు ఎక్కువ, దాన్ని కంపెనీ షాకు పట్టలేదు.

ఇప్పుడు ఎత్తు. మీరు 3 అన్నారు, నేను 2 దగ్గర ఆగమంటాను. మహా అయితే రెండున్నర. అంతకు మించితే ముందు యాక్సిల్ షాఫ్టుల కోణం పెరిగి వాటి రబ్బరు తొడుగులు (బూట్లు) త్వరగా చిరుగుతాయి, అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (స్టీరింగును నిలకడగా ఉంచే ముందు చక్రాల వాలు) సరిపోక పై కంట్రోల్ ఆర్ములు కూడా మార్చాల్సి వస్తుంది. నాకు స్పేసర్ల కాలంలో క్యాస్టర్ 1.4 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు 3.1. స్టీరింగ్ తేలిపోవడం తగ్గడానికి అదీ ఒక కారణం. అలైన్‌మెంట్ అయిందంటే నమ్మి వచ్చేయకండి, అంకెలున్న కాగితం అడిగి తీసుకోండి. వెనక ఎత్తు పెంచాక సిగ్నల్ దగ్గర బయల్దేరేటప్పుడు కింద గడగడమంటే కంగారు పడొద్దు. ఈ బండి డ్రైవ్‌షాఫ్ట్ రెండు ముక్కలు, మధ్య బేరింగును చిన్న స్పేసర్లతో కాస్త దించితే చాలావరకు పోతుంది. లోడు వేశాక కూడా వెనక భాగం ముందుకంటే ఒక పిసరు ఎత్తుగా ఉండాలి.

నాకు విడిభాగాలకు 1,500, బిగింపుకు 700 డాలర్లు అయ్యాయి. బిగించే చోట రెండు విషయాలు పట్టుబట్టండి. కట్టను ఇరుసుకు బిగించే పాత యూ-బోల్టులు మళ్లీ వాడకూడదు, అవి ఒకసారి సాగాక సాగినవే. కట్ట చివర్ల రబ్బరు బుష్ బోల్టుల ఆఖరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే చేయాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్‌లు మెలిపడిపోయి త్వరగా చిరుగుతాయి. 500 మైళ్ల తర్వాత యూ-బోల్టులు ఇంకోసారి బిగించాలి. నావి ముప్పాతిక చుట్టు తిరిగాయి. హెడ్‌లైట్ల వెలుగు కూడా ఆ రోజే కిందికి సర్దించండి.

ఈ వారాంతం మీరు కాటాకు వెళ్లగలిగితే రెండు చీటీల్లోని అంకెలూ, డోరు లేబుల్ అంకెలూ, టెంట్ ఏడాది పొడుగునా పైనే ఉంటుందా లేదా అన్నదీ ఇక్కడ రాయండి. మీడియమా, లైటా అన్నది అప్పుడు చెబుతాను. అంతవరకు ఆ స్పేసర్ల ఆర్డరు ఆపండి.