కణాలకు శక్తినిచ్చే అణువు ఏటీపీ. దాన్ని కలిపితే, గుర్తించే డీఎన్‌ఏ సెన్సర్ వెలిగింది. అది నిజమైన సంకేతమేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ముందు లోపల జరిగేది చూద్దాం. ఏటీపీని పట్టుకునే ఆప్టమర్‌ను, అంటే ఫలానా అణువుకు అతుక్కునే పొట్టి డీఎన్‌ఏ పోగును, 1995లో శాస్త్రవేత్తలు హుయ్‌జెంగా, షోస్టాక్ ప్రకటించారు. దాన్ని పొడిగించి, ఆ పొడిగింపు మీద ఫ్లోరెసీన్ అనే మెరిసే రంగు తగిలించిన పోగునూ, పక్కనే డాబ్సిల్ క్వెంచర్ (వెలుగును అణిచే అణువు) ఉన్న సుమారు 12 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) పోగునూ జతకడతారు. రెండూ ఆనుకుని ఉన్నంతసేపు వెలుగు అణిగి ఉంటుంది. ఏటీపీ రాగానే ఆప్టమర్ దాని చుట్టూ ముడుచుకుని క్వెంచర్ పోగును వదిలేస్తుంది.

ఫ్లోరెసీన్, ఆప్టమర్, క్వెంచర్ పోగులను 1:2:3 నిష్పత్తిలో, అంటే 40, 80, 120 నానోమోలార్ చొప్పున కలపండి. క్వెంచర్ తగ్గితే మొదటి నుంచే వెలుగు ఎక్కువ. బఫర్‌లో 300 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, పీహెచ్ 8.3 ట్రిస్ ఉండాలి. 90 డిగ్రీలకు వేడిచేసి మెల్లగా చల్లార్చాలి. 490 నానోమీటర్ల కాంతి వేసి 520 దగ్గర కొలవండి.

అసలు మోసం మెగ్నీషియం దగ్గర. ఏటీపీ దాన్ని లాగేసుకుంటుంది, జంట పోగు బలహీనపడి క్వెంచర్ ఊరికే ఊడుతుంది. అందుకే అంతే గాఢతలో జీటీపీతో (ఏటీపీని పోలిన అణువుతో) కంట్రోల్, అంటే పోలిక కోసం చేసే పరీక్ష, తప్పనిసరి. అదీ మెగ్నీషియాన్ని పట్టుకుంటుంది కానీ ఆప్టమర్‌కు అతకదు. రెండోది, ఏటీపీ డైసోడియం లవణం ద్రావణం ఆమ్లంగా ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7 దగ్గరకు తేకపోతే ఫ్లోరెసీన్ మసకబారుతుంది.

ఈ ఆప్టమర్ ఏటీపీకి దగ్గరి అణువులైన ఏడీపీ, ఏఎంపీ, అడెనోసిన్‌లను కూడా పట్టుకుంటుంది. కాబట్టి కణ ద్రవంలో వచ్చిన అంకెను ‘ఏటీపీ’ అని రాయకండి.