పెద్ద ఫైలు పెట్టగానే ఊడిపోతున్న హార్డ్ డిస్కు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది మలికిపురం దగ్గర. పెళ్ళిళ్ళకి, ఓణీల ఫంక్షన్లకి ఫొటోలు, వీడియోలు తీస్తాను. రెండు టెరాబైట్ల పోర్టబుల్ హార్డ్ డిస్కు ఒకటుంది. కొని మూడేళ్ళు దాటింది. ఈ మధ్య లాప్‌టాప్‌కి పెడితే కాసేపు బాగానే ఉంటుంది, పెద్ద వీడియో కాపీ పెట్టగానే టుంగుమని శబ్దం వచ్చి మాయమైపోతుంది. కాసేపటికి దానంతటదే మళ్ళీ వస్తుంది. ఒక్కోసారి ‘ఫార్మాట్ చెయ్యాలా’ అని అడుగుతోంది. జగ్గన్నతోట ప్రభల తీర్థం తీసింది, ఇంకా ఎడిటింగ్ మొదలుపెట్టని రెండు పెళ్ళిళ్ళు అందులోనే ఉన్నాయి. పెళ్ళివారు రోజూ ఫోన్లు. ఒకటే టెన్షన్. ఒక షాపులో చూపిస్తే డిస్కు పోయింది, కొత్తది కొనుక్కోమన్నారు. మా బావ లాప్‌టాప్‌కి పెడితే మాత్రం ఎక్కువసేపు ఉంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక వీడియోగ్రాఫర్, కోనసీమ

జవాబు: ఆ ‘ఫార్మాట్ చెయ్యాలా’ అనే పెట్టె మళ్ళీ వస్తే క్యాన్సిల్ కొట్టండి. పక్కన ఎవరు నిలబడి ఏం చెప్పినా క్యాన్సిలే. ఆ క్షణంలో డిస్కు మీద ఫైళ్ళ పట్టిక చదవడం విండోస్‌కి కుదరలేదు. కుదరనప్పుడల్లా అది అడిగే ప్రశ్న అదొక్కటే. మీ పెళ్ళిళ్ళు లోపల క్షేమంగా ఉండే అవకాశమే ఎక్కువ.

ఎందుకంటున్నానంటే, మీ ఉత్తరంలోనే రెండు ఆధారాలున్నాయి. పెద్ద ఫైలు పెట్టినప్పుడే పోతోంది. బావగారి లాప్‌టాప్‌లో ఎక్కువసేపు నిలుస్తోంది. డిస్కే పూర్తిగా పోయి ఉంటే దానికి మీ బావగారి మీద ప్రత్యేకమైన అభిమానం ఎందుకుంటుంది చెప్పండి? నాకు అనుమానం కరెంటు మీద, వైరు మీద.

మీ డిస్కుకి వేరే ఎడాప్టర్ లేదు. డేటా, కరెంటు రెండూ ఆ చిన్న యూఎస్‌బీ వైరులోంచే రావాలి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు రూలు ప్రకారం 5 వోల్టుల మీద ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు అయితే 900. డిస్కు లోపలి పళ్ళెం ఆగిన చోటు నుంచి తిరగడం మొదలెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువే లాగుతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు తక్కువ, పెద్ద ఫైలు రాసేటప్పుడు మళ్ళీ ఎక్కువ. పోర్టు నీరసంగా ఉన్నా, వైరు సన్నంగానో పొడుగ్గానో ఉన్నా ఆ చివర వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ పడిన రాత్రి రొయ్యల చెరువు మీద ఏరేటర్ మూలుగుతుందే గాని తిరగదు, చూసే ఉంటారు. ఇదీ అంతే. డిస్కు పక్కనుండే చిన్న చిప్పు ఒకసారి ఆగి మళ్ళీ మొదలవుతుంది. విండోస్‌కి మాత్రం ఎవరో వైరు లాగేసి మళ్ళీ పెట్టినట్టే కనబడుతుంది. మీకు వినబడుతున్న టుంగు అదే.

ఇక వైరు. డిస్కు వైపు ఉండే పిన్ను వెడల్పుగా, మధ్యలో నొక్కుతో రెండు ముక్కలు అతికించినట్టు ఉంటుంది కదా. అందులో పెద్ద ముక్క పాత 2.0 తీగలది, చిన్న ముక్క 3.0 వేగం కోసం అదనంగా చేర్చింది. కారులో, పెళ్ళి పందిట్లో, లాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకుని పనిచేసేవాళ్ళకి ముందు వదులయ్యేది ఈ పిన్నే. డిస్కుని బల్ల మీద కదలకుండా పెట్టి, పిన్ను దగ్గర వైరుని వేలితో అతి నెమ్మదిగా తాకి చూడండి. టుంగుమంటే దొంగ దొరికినట్టే. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, ఊరికే ఊపుతూ కూర్చోకండి. కాపీ జరుగుతున్నప్పుడు అసలే వద్దు.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు, దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు నుంచి నా బల్ల మీదికి వచ్చే లాప్‌టాప్‌లలో యూఎస్‌బీ రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే, లోపలి నాలుక మీద మెరవాల్సిన గీతలు నల్లబడో, అంచుల్లో పచ్చగా చిలుం పట్టో కనిపిస్తుంటాయి. లాప్‌టాప్ ఆపేసి, ఛార్జర్ తీసేసి, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని మెత్తటి బ్రష్షుకి కొంచెం అద్ది తుడవండి. పూర్తిగా ఆరాక పెట్టండి. కొబ్బరినూనె రాసి తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. కోనసీమలో కొబ్బరినూనె సర్వరోగ నివారిణే గాని, దయచేసి ఇక్కడ వద్దు. దుమ్మంతా దానికి అంటుకుంటుంది.

అయితే తుడవడం, కొత్త వైరు కొనడం అన్నీ రెండో పని. మొదటి పని కాపీ. బావగారి లాప్‌టాప్ ఒక పూట అడిగి తీసుకోండి. దానికి ఛార్జర్ పెట్టే ఉంచండి. హబ్బులు, పొడిగింపు వైర్లు లేకుండా డిస్కుని నేరుగా పోర్టుకి పెట్టండి. మంచం మీద కాదు, బల్ల మీద. పళ్ళెం తిరుగుతుండగా డిస్కుని ఎత్తి ఇటు అటు పెట్టొద్దు. మొత్తం ఫోల్డరు ఒకేసారి లాగకండి. ముందు పెళ్ళిళ్ళు, అందులోనూ ముహూర్తం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఉన్న ఫైళ్ళు, ఆ తరవాత మిగతావి. ప్రభల తీర్థం ఆఖర్న. జగ్గన్నతోటకి ప్రభలు వచ్చే కనుమకి మళ్ళీ వస్తాయి, ఆ పెళ్ళికూతుళ్ళు మళ్ళీ పీటల మీద కూర్చోరు. టెరాకాపీ అనే ప్రోగ్రాం వేసుకుంటే మధ్యలో ఆగిన కాపీని మళ్ళీ అందుకోవడం సులువు. కాపీ అయినవి సరిగ్గా వచ్చాయో లేదో కూడా పోల్చి చెబుతుంది.

అక్కడా నిలబడకపోతే ఒక చిట్కా. పాత ఫోన్లకి వాడే మైక్రో యూఎస్‌బీ వైరు ఇంట్లో ఎక్కడో ఉంటుంది. ఛార్జింగు ఒక్కటే చేసేది కాదు, డేటా కూడా పోయేది, పొట్టిది, కాస్త మందంగా ఉన్నది చూడండి. అది మీ డిస్కు పిన్నులో పెద్ద ముక్కలోకి సరిగ్గా దిగుతుంది. అప్పుడు డిస్కు 2.0 వేగంతో నడుస్తుంది. సెకనుకి 35 మెగాబైట్లు వచ్చినా 500 గిగాబైట్లకి నాలుగు గంటలు పడుతుంది. పట్టనివ్వండి. చిన్న ముక్కలో కాంటాక్టు పోయిన డిస్కులు ఇలా కిమ్మనకుండా కాపీ అవుతాయి. రెండు తలలున్న వై కేబుల్ దొరికితే, రెండో తలని పక్క పోర్టుకి పెట్టి కరెంటు కొంచెం ఎక్కువ అందించవచ్చు.

ఇంతలో ఒకటి చెవితో వినండి. పడుకున్న డిస్కు లేచేటప్పుడు ఒక చిన్న టిక్కు, తరవాత సన్నటి గాలి శబ్దం, ఇది మామూలే. అలా కాకుండా టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటూ ఉంటే లోపల పళ్ళేన్ని చదివే హెడ్డు దారి దొరక్క తల బాదుకుంటోందన్నమాట. వెంటనే వైరు తీసెయ్యండి. ఆ తరవాత అది మీ పనీ కాదు, నా పనీ కాదు. శుభ్రమైన గదిలో విప్పే డేటా రికవరీ వాళ్ళ పని. ఖర్చు గట్టిగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని చెప్పేవాళ్ళ మాట వినకండి, మన ఉక్కపోతలో బయటికి తీయగానే లోపలా బయటా చెమ్మ పడుతుంది.

చెక్ డిస్క్ నడపమని కూడా చాలామంది చెబుతారు. అది పాడైన పట్టికని దిద్దే ప్రోగ్రాం. దిద్దుతుండగా మధ్యలో డిస్కు ఊడిపోతే ఏమవుతుందో ఆలోచించండి. కాపీ అయ్యాక నిదానంగా నడుపుకోవచ్చు.

కాపీ క్షేమంగా అయింది. ఇప్పుడు జబ్బేమిటో తేల్చుకోవాలి. మీ లాప్‌టాప్‌లో స్టార్ట్ దగ్గర ఈవెంట్ వ్యూయర్ అని వెతికి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరవండి. డిస్కు ఊడిపోయిన సమయం దగ్గర ‘డిస్క్’ పేరుతో ఉన్న వరసలు చూడండి. నంబరు 157 అంటే డిస్కు చెప్పాపెట్టకుండా పోయిందని. నంబరు 7 అంటే బ్యాడ్ బ్లాక్, అంటే పళ్ళెం మీదే చోటు చెడిందని. 153 అంటే జవాబు రాక మళ్ళీ మళ్ళీ అడగాల్సి వచ్చిందని. 157లు తప్ప 7 ఒక్కటీ లేకపోతే నా అనుమానం నిజమే, కరెంటో వైరో పోర్టో. ‘డిస్కు పోయింది’ అన్న షాపు ఆయన ఇవేమైనా చూశారా? చూసి ఉంటే ఆ మాట అనరనుకుంటాను. తరవాత డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో 05, సీ5, సీ6 వరసలు చూడండి, పళ్ళెం మీద చెడిన, చెడుతున్న చోట్ల లెక్క అవి. చివరి గడిలో అన్నీ సున్నాలుంటే మంచిదే. అంకెలుండి, వారం తిరిగేసరికి పెరుగుతుంటే ఆ డిస్కుని పెళ్ళి పనుల నుంచి రిటైర్ చెయ్యండి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే అది పళ్ళెం తప్పు కాదు, డిస్కుకీ లోపలి చిన్న బోర్డుకీ మధ్య అతుకుది.

ఏమీ చెయ్యకుండా వదిలేసినప్పుడు ఊడిపోయే డిస్కుల సంగతి వేరు. లాప్‌టాప్ కరెంటు పొదుపు చేస్తూ పోర్టుని నిద్రపుచ్చుతుంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న టిక్కు తీసేస్తే సరిపోతుంది. మీది ఆ బాపతు కాదు, అయినా తీసెయ్యండి, నష్టం లేదు.

ఇంకో సంగతి. ‘పైన డబ్బా విప్పి వేరే కేసింగులో పెడతాం’ అని ఎవరైనా అంటే, డేటా కాపీ అయ్యేదాకా ఒప్పుకోకండి. కొన్ని డిస్కులకి యూఎస్‌బీ పిన్ను డిస్కు బోర్డు మీదే అతికి ఉంటుంది, వేరే కేసింగు అనే మాటే లేదు. కొన్నిటిలో యూఎస్‌బీ పిన్ను ఉండే చిన్న బోర్డే డేటాకి తాళం వేసి రాస్తుంది. దాన్ని పక్కన పడేస్తే డిస్కు బాగున్నా లోపల ఉన్నది చదవడం కుదరదు.

డిస్కు బాగుందని తేలినా ఇకమీదట దాని మీద నేరుగా ఎడిటింగ్ చెయ్యకండి. లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని చేసి, అయ్యాక తిరిగి పెట్టండి. కెమెరా కార్డు చెరపడం కూడా, రెండు చోట్ల కాపీ ఉందని కళ్ళతో చూశాకే. రెండో డిస్కు ఖర్చు పెళ్ళివారి బిల్లులోనే వేసుకోండి. మీరు ఆల్బమ్ రేటు దగ్గర మొహమాటపడరు కదా.

ప్రశ్న: మాస్టారూ, భీమవరంలో మేతల కొట్టు లెక్కలు చూస్తానండి. మా దగ్గర ఉన్నది పెద్ద సైజు హార్డ్ డిస్కు, దానికి వేరే ఎడాప్టర్ ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్న ప్రతిసారీ డిస్కు ఊడిపోతోంది. లాప్‌టాప్‌కి మాత్రం ఏమీ కాదు. డిస్కు మారిస్తే పోతుందా?

జవాబు: డిస్కు మార్చక్కర్లేదండి. లాప్‌టాప్‌కి ఏమీ కాకపోవడం దాని గొప్పేమీ కాదు, దానికి బ్యాటరీ ఉంది. మీ పెద్ద డిస్కుకి 12 వోల్టులు ఆ ఎడాప్టర్ నుంచే రావాలి. కరెంటు పోయిన క్షణానికీ ఇన్వర్టర్ అందుకున్న క్షణానికీ మధ్య చిన్న సందు ఉంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, డిస్కు ఆగిపోతుంది. మీ ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అనే స్విచ్చు ఉందేమో చూడండి. అందులో పెడితే ఆ సందు తగ్గుతుంది. చాలకపోతే కంప్యూటర్లకి వాడే చిన్న యూపీఎస్ ఒకటి డిస్కు కోసం పెట్టండి. లెక్కలు రాస్తుండగా అలా ఊడటం మంచిది కాదు. మరో మాట, ఎడాప్టర్ పాతబడి మార్చాల్సి వస్తే సెట్‌టాప్ బాక్సుది పిన్ను పట్టింది కదా అని పెట్టెయ్యకండి. వోల్టులు అచ్చంగా అవే ఉండాలి, ఆంపియర్లు పాతదానికి తగ్గకూడదు, ప్లస్సు లోపలుందో బయటుందో ఆ బొమ్మ కూడా కలవాలి.

ప్రశ్న: సార్, తణుకులో బీటెక్ చదువుతున్నాను. ఎక్స్‌టర్నల్ డిస్కు పెట్టి కాపీ చేసినంతసేపు నా వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోంది. డిస్కు తీసేస్తే బాగానే ఉంటోంది. వైరస్ అని మా ఫ్రెండ్స్ భయపెడుతున్నారు.

జవాబు: వైరస్ కాదమ్మా. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుంది. మీ మౌస్ మాట్లాడేదీ అక్కడే. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద ఒక పత్రం వేసింది. డిస్కు వైరు పక్కనే మౌస్ రిసీవర్, అంటే లాప్‌టాప్‌కి గుచ్చే ఆ చిన్న ముక్క, ఉంటే మౌస్ మాట దానికి వినబడదు. రిసీవర్‌ని లాప్‌టాప్ రెండో వైపు పోర్టుకి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో జానెడు దూరం జరపండి. యాంటీవైరస్ కొనడానికి దాచిన డబ్బులుంటే డిస్కుకి పొట్టి, మందపాటి మంచి వైరు కొనుక్కోండి.