వెనక టక్‌మంటాంటే ముందు స్పానర్ పట్టుకోవద్దు అల్లుడా

అల్లుడా,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజి మూడుసార్లు విన్నా, చెవికి ఆనిచ్చుకోని విన్నా, నువ్వు పొట్టి స్ప్రింగులు వేసి కిందికి దించిన ఆ కారు వెనక టక్ టక్ అని వస్తాండేది నిజమే కానీ ఫోన్లో విని ఇది ఫలానా పార్టు అని చెప్పడం నాతో అయ్యే పని కాదు. నువ్వేమో "మామా, వెనక షాకప్‌లు రెండూ ఆర్డర్ పెడతాండా" అంటివి. పెట్టొద్దు, ఆగు. ఆ నిస్సాన్ 370జెడ్ స్పోర్ట్స్ కారు మన దేశంలో అమ్మకానికి వచ్చిందే 2010లో, అది కూడా వేళ్ళ మీద లెక్కపెట్టే బండ్లు, దాని సామాను కడపలో కాదు కదా బెంగళూరులో కూడా షాపుకు పోయి అడిగితే ఇచ్చేది కాదు. ఊహ మీద పార్టు తెప్పిస్తే డబ్బులూ పోతాయి, నెల రోజులు బండీ నిలబడిపోతాది.

నేను మెకానిక్ షాపు పెట్టిన కొత్తల్లో ఒకాయన ఇట్లే స్ప్రింగులు మార్చి కిందికి దించిన కారు తెచ్చినాడు. కుడి పక్క వెనక టక్‌మంటాంది. షాకప్ పోయిందని నేనే చెప్పి రెండూ మార్పించినా. ట్రయల్‌కి రాయచోటి రోడ్డు పట్టుకున్నాం, గువ్వలచెరువు ఘాటు ఎక్కేలోపల మళ్ళీ అదే సౌండ్. వెనక్కొచ్చి విప్పితే షాకప్ పైన నట్టు థ్రెడ్ చివరికి పోయి ఆగిపోయి ఉండాది, మధ్యలో వెయ్యాల్సిన చిన్న స్లీవ్, అంటే గొట్టం ముక్క, ముందు పని చేసినోళ్ళు వెయ్యలేదు, నేనూ చూసుకోకుండా ఉన్నది ఉన్నట్టు బిగించేసినా. స్పానర్ పెడితే టైట్‌గానే ఉంటాది, షాకప్‌ని పైన బాడీకి పట్టి ఉంచే మౌంటు మాత్రం లోపల ఆడతాంటాది. ఆయన డబ్బు అనవసరంగా ఖర్చయింది, అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే చెప్తాండా, దించిన కారులో సౌండ్ మొదలైతే ముందు అనుమానించాల్సింది దించిన రోజు ఏమేం విప్పినారో వాటినే.

మొదట డిక్కీ మొత్తం ఖాళీ చెయ్యి. జాకీ, స్పానర్లు, స్టెప్నీ ఉంటే స్టెప్నీ, అన్నీ తీసి ఇంట్లో పెట్టి ఒక రౌండు తిరిగిరా. నవ్వొద్దు, సగం పొద్దు వెతికి చివరికి జాకీ రాడ్డు కొట్టుకుంటాందని తేలిన బండ్లు నేను చూసినా.

అప్పటికీ వస్తాంటే సౌండ్ ఎప్పుడొస్తాందో కనుక్కో, అసలు పనంతా ఇక్కడే ఉండాది. రెండు వెనక చక్రాలూ ఒకేసారి ఎక్కేట్టు స్పీడ్ బ్రేకర్ నేరుగా దాటు, నిదానంగా. తర్వాత ఒక్క చక్రమే గుంతలో పడేట్టు పో. నేరుగా దాటినప్పుడు గమ్మునుండి ఒక్క చక్రానికే టక్‌మంటే స్టెబిలైజర్ బార్ (రెండు పక్కల చక్రాలనీ కలిపే కడ్డీ) లింకులో, లేకుంటే ఆ బార్ రబ్బరు బుష్షులో చూడు. ఎందుకంటే రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ బార్ మెలిక తిరగదు, ఒకటి లేచి ఒకటి దిగితేనే తిరుగుతాది. తేల్చుకోవాలంటే రెండు పక్కలా లింకులు విప్పేసి వీధిలోనే మెల్లగా తిరుగు, ఒక్క పక్కే విప్పితే తేలదు. సౌండ్ పోయిందంటే దొంగ దొరికినట్టే. లింకులు లేకుండా హైవే ఎక్కొద్దు, మలుపుల్లో కారు బాగా ఒరుగుతాది.

పెద్ద బ్రేకర్ మీద మాత్రమే ధడ్‌మని ఒక్క దెబ్బ కొడతాంటే అది వేరే కథ. స్ప్రింగు పొట్టిదైతే షాకప్‌కి లోపలికి పోయే జాగా తగ్గిపోతాది, పోయి బంప్ స్టాపర్‌కి, అంటే చివర్లో అడ్డం ఉండే రబ్బరుకి, గుద్దుకుంటాంది. షాకప్ రాడ్డుకి ఒక ప్లాస్టిక్ టై కట్టి కిందికంటా జరిపిపెట్టి, ఊరంతా తిరిగొచ్చి చూడు, అది యాడి దాకా జరిగిందో షాకప్ అంత వరకూ పోయిందన్నమాట. స్టాపర్‌కి ఆనుకోని ఉందంటే పార్టు పాడవలేదు, నువ్వు దించింది ఎక్కువైంది.

ఇంక స్ప్రింగు. నీ బండికి వెనక స్ప్రింగు వేరే, షాకప్ వేరే. చక్రం గాలిలో వేలాడేట్టు లేపి స్ప్రింగుని రెండు చేతులతో పట్టుకోని తిప్పు. అది వదులుగా తిరిగితే గుంతలో చక్రం కిందికి జారినప్పుడు సీటు వదిలి మళ్ళీ వచ్చి కొడతాంది. పైనా కిందా రబ్బరు ఉందా, స్ప్రింగు కొస దాని గాడిలో కూర్చుందా అని టార్చి వేసి చూడు. యాడన్నా పెయింటు పోయి ఇనుము మెరుస్తాంటే ఆ తావునే తగులుతాందని అర్థం.

రోడ్డు చదునుగా ఉన్నా గేర్‌లో యాక్సిలరేటర్ నొక్కి వదిలితే టక్‌మంటే సస్పెన్షన్ జోలికి పోవద్దు. డిఫరెన్షియల్ (ఇంజన్ తిప్పుడుని వెనక చక్రాలకి పంచే గేర్ల డబ్బా) బుష్ చూడు, దాంట్లో ద్రవం ఉంటాది, చీలితే కింద మరక కనపడతాది. రివర్స్ తీసి ముందుకు కదిలేటప్పుడు ఒక్కసారి టిక్‌మంటే యాక్సిల్ పోయి చక్రం హబ్బులో కూర్చునే కాడ నుంచి వస్తాది, అది ఈ జెడ్ బండ్లలో మామూలే. బ్రేకు కొంచెం ఆనిస్తే ఆగిపోయే సౌండ్ ప్యాడ్లది.

ఇది మాత్రం మర్చిపోవద్దు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఆర్మ్‌ల బుష్ బోల్టులు చక్రాలు వేలాడతాన్నప్పుడు బిగించినారంటే కిందికి దింపినాక రబ్బరు ఎప్పుడూ మెలిక పడి ఉంటాది, కొన్నాళ్ళకి చిరిగి టక్‌మంటాది. ఆ బోల్టులు లూజు చేసి, కారు బరువంతా చక్రాల మీద నిలబెట్టి అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే స్పానర్) బిగించాలి. అలైన్‌మెంట్ బోల్టులకు ముందే పెయింటుతో గీత పెట్టుకో, తర్వాత అలైన్‌మెంట్ ఎట్లా చేయించాల్సిందే.

కారు కిందుగా ఉంది కదా, జాకీ దూరకుంటే మొదట చక్రాలని చెక్క పలకల మీదికి ఎక్కించి దూర్చు. కిందికి పోయేముందు స్టాండ్లు పెట్టు, చక్రాలకి అడ్డాలు పెట్టు. మన ఇంట్లో బండలున్నాయి కదా అని కడప బండలు పేర్చి దాని మీద కారు నిలబెట్టొద్దు, ఆ రాయి పొరలు పొరలుగా ఉంటాది, బరువుకి చెప్పకుండా చీలిపోతాది. మీ అమ్మకి నేను జవాబు చెప్పుకోలేను.

శనివారం వచ్చేటప్పుడు విప్పిన పాత స్ప్రింగులు, వాటి రబ్బర్లు, స్లీవులు, వాషర్లు ఏమున్నా అన్నీ ఒక సంచిలో వేసుకోని రా. షాపులో కారు కింద నిలబడి చూసే పిట్ ఖాళీగా పెట్టిస్తా, నువ్వు వెనకాల మీద చేతులేసి కారు ఊపుతాండు, నేను కింద నుంచి షాకప్ పైన వేలు పెట్టి చూస్తా.

మీ మామ